చేత్తో చేసే మడత చాకు: కిటుకంతా ఇరుసు దగ్గరే

మడత చాకు చూడ్డానికి చిన్న వస్తువే. కానీ ఇనుప పని, కొలిమి పని, చెక్క పని మూడూ అందులో ఉన్నాయి. దాన్ని చేయాలంటే పెద్ద మిషన్లు కావాలని చాలామంది అనుకుంటారు. అవేమీ అక్కర్లేదు. ఒక హ్యాక్సా, రెండు మూడు ఆకురాళ్లు, ఒక చేతి డ్రిల్లు, ఒక వైసు, చిన్న సుత్తి, కొద్దిసేపు వాడుకోవడానికి బొగ్గుల కొలిమి ఉంటే చాలు. వీటితోపాటు, ప్రతి మెట్టులోనూ “ఇలాగే ఎందుకు చేయాలి?” అన్న ప్రశ్నకు జవాబు తెలిసి ఉండాలి. కారణం తెలిసినప్పుడు చెయ్యి తొందరపడదు. మొదటిసారి ఈ పనికి కూర్చునేవాళ్లకు వచ్చే సందేహాలను పని జరిగే వరసలోనే తీసుకుందాం.

తెరిచిన చాకు తనంతట తాను ఎందుకు మూసుకోదు?

మడత చాకుకు ప్రాణం ఇరుసు. బ్లేడుకూ పిడికీ కలిపి దూర్చిన చిన్న పిన్ను అది. బ్లేడు దాని చుట్టూ తిరుగుతుంది. అయితే తిరగడం ఎంత ముఖ్యమో, తిరగాల్సినప్పుడే తిరగడం అంతకంటే ముఖ్యం. ఇందుకు మూడు రకాల ఏర్పాట్లు వాడుకలో ఉన్నాయి.

మొదటిది ఒట్టి రాపిడి. పిడి రెండు పక్కలూ బ్లేడును అటూ ఇటూ నొక్కి పట్టుకుంటాయి. ఆ బిగువే దాన్ని ఉన్నచోట ఉంచుతుంది. జపాన్‌లో హ్యోగో ప్రాంతపు మికి పట్టణంలో 1890ల నుంచి తయారవుతున్న హిగోనోకామి చాకులు ఈ రకానివే. మడిచిన లోహపు రేకే వాటికి పిడి. బ్లేడు వెనక చిన్న తోక ఒకటి ఉంటుంది. చాకు తెరిచాక ఆ తోక పిడి వెన్ను మీద వాలుతుంది. కోసేటప్పుడు బొటనవేలు దాని మీదే ఉంటుంది కనుక బ్లేడు మూసుకోలేదు. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్నది ఈ చాకుతోనే.

రెండోది వెన్ను స్ప్రింగు. పిడి వెన్నులో బిగించిన ఉక్కు పట్టీ బ్లేడు మడమను ఎప్పుడూ నొక్కుతూ ఉంటుంది. ఇరుసు ఉండే మందపాటి భాగాన్ని మడమ అనుకుందాం. చాకు తెరుస్తుంటే మడమ మూల ఆ పట్టీని పైకి లేపుతుంది. మూల దాటగానే పట్టీ చదునైన వైపు మీదకు టక్కున పడుతుంది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1897లో పేటెంటు తీసుకున్న ఆఫీసర్ చాకు పనిచేసేది ఇలాగే. ఒకే స్ప్రింగు పట్టీతో పిడికి రెండు వైపులా ఉన్న పరికరాలను నిలబెట్టడం ఆయన తెచ్చిన మార్పు.

మూడోది తాళం. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో తయారుచేసిన చెక్క పిడి చాకు మొదట రాపిడి మీదే ఆధారపడేది. 1955లో దానికి తిరిగే ఉక్కు ఉంగరం చేర్చారు. ఉంగరం తిప్పితే బ్లేడు కదలదు.

మొదటిసారి చేసేవాళ్లు ఏ రకం ఎంచుకోవాలి?

తోక ఉన్న రాపిడి చాకే. ఇందులో స్ప్రింగు లేదు, తాళం లేదు. బ్లేడు, రెండు పిడి చెక్కలు, వాటి మధ్య ఎడం ఉంచే వెన్నుపట్టీ, ఇరుసు, రెండు వాషర్లు. అంతే. పైగా ఇందులో నేర్చుకునే పనులన్నీ రేపు స్ప్రింగు చాకు చేసేటప్పుడు అవసరమవుతాయి. ఇరుసు రంధ్రం నిటారుగా వేయడం రానివాళ్లకు స్ప్రింగు కుదరదు.

కొలతల విషయానికొస్తే, కోసే వాదర 70 మి.మీ., పిడి 100 మి.మీ., బ్లేడు మందం 2.5 మి.మీ., ఇరుసు 4 మి.మీ. ఉంటే చేతికి సరిపోతుంది, జేబుకు బరువు కాదు.

ఏ ఇనుమైనా పనికొస్తుందా?

రాదు. ఇంటి స్లాబుకు వాడే చువ్వ, కిటికీ పట్టీ, మామూలు ఇనుప రేకు వద్దు. వాటిలో కార్బన్ చాలా తక్కువ. ఎంత కాల్చి ముంచినా గట్టిపడవు. చాకుకు కనీసం 0.6 శాతం కార్బన్ ఉన్న ఉక్కు కావాలి, 1 శాతం దాకా ఉంటే మరీ మంచిది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు విలువ మన నేలకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరగబెట్టిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు.

ఇవాళ మనకు తేలిగ్గా దొరికేది అరిగిపోయిన పాత ఆకురాయి. మంచి ఆకురాయిలో కార్బన్ 1 శాతం పైనే ఉంటుంది. లారీ కమాను పట్టీ కూడా మంచి ఉక్కే, కానీ చాకుకు అది చాలా మందం. కమ్మరి చేత సాగగొట్టించుకోవాలి. ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉండే అవకాశం ఉంది, చూసి తీసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలు జోలికి ఇప్పుడే పోవద్దు. దాన్ని 1000 డిగ్రీలు దాటించి, ఆ వేడిని కచ్చితంగా నిలపాలి. అది బొగ్గుల కొలిమిలో కుదరదు.

దొరికిన ముక్క మంచిదో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చివర చిన్న ముక్క కోసి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచండి. చల్లారాక వైసులో బిగించి, పైన మందపాటి గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో ఒక దెబ్బ వేయండి. పుటుక్కున విరిగితే అది చాకుకు పనికొచ్చే ఉక్కు. వంగి ఊరుకుంటే పక్కన పెట్టేయండి.

ఆకురాయి అంత గట్టిది కదా, దాన్ని కోసేదెలా?

ముందు మెత్తబరచాలి. ఎర్రగా కాల్చి, ఊక బూడిదలో పూర్తిగా పాతిపెట్టి రాత్రంతా వదిలేయాలి. ఊక బూడిద వేడిని బయటికి పోనివ్వదు. ఉక్కు నిదానంగా చల్లారుతుంది. నిదానంగా చల్లారిన ఉక్కు హ్యాక్సాకు లొంగుతుంది, డ్రిల్లుకు లొంగుతుంది. తర్వాత ఆ ఆకురాయి పళ్లన్నీ మొదలంటా అరగదీయాలి. ఒక్క పంటి గాడి మిగిలినా, రేపు నూనెలో ముంచినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది.

ముందు అట్టముక్కతో నమూనా ఎందుకు?

ఇనుము కోశాక తప్పు దిద్దడం కష్టం. అట్ట పోతే ఇంకో అట్ట. బ్లేడు ఆకారం ఒక అట్ట మీద, పిడి ఆకారం ఇంకో అట్ట మీద గీసి కత్తిరించండి. ఇరుసు ఉండేచోట డ్రాయింగ్ పిన్ను గుచ్చండి. ఇరుసు పిడి ముందు చివర నుంచి సుమారు 12 మి.మీ. లోపల ఉండాలి. ఇప్పుడు తెరుస్తూ మూస్తూ మూడు విషయాలు చూడండి.

మూసినప్పుడు బ్లేడు మొన పిడి లోపలే దాగుతోందా? మొన బయటికి వస్తే జేబు చిరుగుతుంది, వేలు తెగుతుంది. వాదర వెన్నుపట్టీకి తగలకుండా ఆగుతోందా? తగిలితే మూసిన ప్రతిసారీ పదును పోతుంది. అందుకే వాదర మొదట్లో ఒక 5 మి.మీ. పదును పెట్టకుండా వదిలి, ఆ మొండిభాగం వెన్నుపట్టీకి గానీ అడ్డంగా పెట్టిన చిన్న పిన్నుకు గానీ ఆనేలా చూసుకోవాలి. తెరిచినప్పుడు తోక పిడి వెన్ను మీద చక్కగా కూర్చుంటోందా? తెరవడం అక్కడ ఆగాలి. ఈ మూడూ అట్టలో కుదిరాకే ఉక్కు మీద గీత గీయండి.

రంధ్రం ఎప్పుడు వేయాలి? అది నిటారుగా ఉండాలని ఎందుకంత పట్టుదల?

ఆకారం కోసిన వెంటనే, గట్టిపరచక ముందే వేయాలి. గట్టిపడిన ఉక్కును మామూలు డ్రిల్లు బిట్టు తొలవలేదు. సెంటర్ పంచితో గుర్తు కొట్టి, చుక్క నూనె వేసి, నిదానంగా తొలవండి. పిడి చెక్కలు రెంటినీ, బ్లేడునూ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంపుతో బిగించి ఒకేసారి తొలిస్తే మూడు రంధ్రాలూ ఒకే వరసలో వస్తాయి.

నిటారు ఎందుకో లెక్క వేసి చూద్దాం. రంధ్రం ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే ఇరుసు నుంచి 70 మి.మీ. దూరంలోనే బ్లేడు 1.2 మి.మీ. పక్కకు జరుగుతుంది. పిడి లోపల బ్లేడుకు అటూ ఇటూ మనం ఉంచే ఖాళీ అందులో నాలుగో వంతే. అంటే బ్లేడు ప్రతిసారీ ఒకవైపు పిడిని గీసుకుంటూ పోతుంది. ఆ తర్వాత ఎంత నునుపు చేసినా ఆ లోపం పోదు. కాబట్టి చేతి డ్రిల్లు పక్కన చిన్న మూలమట్టం నిలబెట్టి, రెండు వైపుల నుంచీ చూస్తూ తొలవండి. వీలైతే స్టాండు డ్రిల్లు ఉన్న వర్క్‌షాపుకు వెళ్లి ఈ ఒక్క రంధ్రం వేయించుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆకురాయితో బ్లేడు వాలు సమంగా ఎలా వస్తుంది?

బ్లేడు అంచుకు మార్కరుతో రంగు పూయండి. 2.5 మి.మీ. డ్రిల్లు బిట్టును చదునైన గాజుపలక మీద పడుకోబెట్టండి. దాని మొన సరిగ్గా సగం ఎత్తులో ఉంటుంది. బ్లేడును పలక మీద ఆనించి ఆ మొనకు రాస్తూ లాగితే అంచు నడుమ గీత పడుతుంది. రెండో వైపు తిప్పి మళ్లీ లాగండి. గీతలు రెండూ కలిసిపోతే నడిమధ్య దొరికినట్టే. కొద్దిగా ఎడం ఉంటే వాటి మధ్యన ఉన్నదే నడిమి.

తర్వాత బ్లేడును చెక్కముక్క మీద బిగించి, ఆకురాయిని ముందుకు నెట్టేటప్పుడే ఒత్తండి. వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తేయండి. ఆకురాయి పళ్లు కోసేది ఒక దిక్కుకే. వెనక్కి రాస్తే అవి మొద్దుబారడం తప్ప పని జరగదు. పళ్లలో సుద్ద రాస్తే ఇనుప పొడి ఇరుక్కోదు. కొన్నిసార్లు ఒకవైపు, అన్నేసార్లు రెండోవైపు, ఇలా మార్చుకుంటూ వెళ్లాలి. ఒకవైపు పూర్తిచేశాక రెండోది మొదలుపెట్టేవాళ్లకు వాదర పక్కకు జరుగుతుంది.

వాదరను ఇప్పుడే పదునుగా చేయకూడదు. అర మిల్లీమీటరు మందం వదలాలి. మరీ పలచని అంచు కొలిమిలో తొందరగా మాడిపోతుంది, నూనెలో వంకర తిరుగుతుంది, ఒక్కోసారి చీలుతుంది.

ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు ఎందుకు గట్టిపడుతుంది?

మామూలు వేడిలో ఉక్కులోని కార్బన్ చాలావరకు ఇనుముతో జతకట్టి వేరే పలకలుగా ఉంటుంది. సుమారు 800 డిగ్రీల దగ్గర ఇనుప పరమాణువుల అమరిక మారి, కార్బన్ అందులో కరిగి కలిసిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా చల్లారిస్తే కార్బన్‌కు బయటపడే సమయం దొరకదు. పరమాణువుల మధ్యే ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకే గట్టిదనం. నిదానంగా చల్లారిస్తే కార్బన్ మళ్లీ వేరుపడుతుంది, ఉక్కు మెత్తగా అవుతుంది. ఊక బూడిదలో మనం చేసింది అదే.

800 డిగ్రీలని తెలిసేదెలా? అయస్కాంతంతో. సుమారు 770 డిగ్రీలు దాటాక ఇనుము అయస్కాంతానికి అంటుకోదు. ఒక తీగకు అయస్కాంతం కట్టి కొలిమి పక్కన వేలాడదీయండి. బ్లేడును మధ్యమధ్య దానికి తాకించి చూడండి. అంటుకోవడం మానేశాక ఇంకొద్దిగా కాల్చి, బ్లేడు అంతటా ఒకే ఎరుపు రాగానే తీయండి. ఎండలో ఎరుపు సరిగా కనబడదు. అందుకని ఈ పని నీడలోనో, పొద్దుగూకాకో చేయాలి.

నీళ్లలో ముంచవద్దు. నీళ్లు మరీ వేగంగా చల్లారుస్తాయి, పలచని బ్లేడు పగిలిపోతుంది. వేరుశనగ నూనె చక్కగా పనిచేస్తుంది. దాన్ని 50, 60 డిగ్రీలకు వేడిచేసి ఉంచాలి. వేడి నూనె చల్లార్చడం ఏమిటని అనిపిస్తుంది. చల్లటి నూనె చిక్కగా ఉండి బ్లేడు చుట్టూ సరిగా కదలదు. గోరువెచ్చగా పలచబడిన నూనె వేడిని త్వరగా లాక్కుంటుంది. మొన కిందికి పెట్టి నిలువుగా ముంచి, పైకీ కిందికీ కదపండి. పక్కలకు ఊపితే ఒకవైపు ముందు చల్లారి బ్లేడు వంగుతుంది.

నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, ప్లాస్టిక్ వద్దు. డబ్బాకు సరిపడే మూత, ఒక బకెట్ ఇసుక పక్కనే పెట్టుకోండి. నూనె అంటుకుంటే మూత వేయాలి. నీళ్లు పోస్తే మంట పైకి ఎగుస్తుంది. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టకూడదు, ఆ పొగ విషం. కొలిమి సంగతి తెలియనివాళ్లు మీ ఊరి కమ్మరి దగ్గర కూర్చుని చేయించుకోవడం మంచిది. ఆయన కంటికి తెలిసిన ఎరుపు మనకు అయస్కాంతంతో గానీ తెలియదు.

చల్లారిన బ్లేడు మీద ఆకురాయి పెట్టి చూడండి. కోయకుండా జారిపోతే గట్టిపడినట్టే.

గట్టిపడింది కదా, మళ్లీ ఎందుకు వేడి చేయాలి?

ఇప్పుడు ఆ బ్లేడు గాజు లాంటిది. కింద పడితే రెండు ముక్కలవుతుంది. పరమాణువుల మధ్య కార్బన్ ఇరుక్కుని లోపల బిగువు ఎక్కువగా ఉంది. ఆ బిగువును కొంత సడలించాలి. మసిని ఎమరీ కాగితంతో రుద్ది మెరిసేలా చేసి, వంటింటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి చల్లారనివ్వండి. ఇంకోసారి అలాగే చేయండి. మెరుపు మీద లేత వరిగడ్డి రంగు వస్తుంది. వేడికి ఉపరితలం మీద ఏర్పడే ఆక్సైడు పొర మందాన్ని బట్టి ఆ రంగు మారుతుంది. వరిగడ్డి రంగు తర్వాత గోధుమ, ఆ తర్వాత ఊదా, 300 డిగ్రీల దగ్గర నీలం. చాకుకు వరిగడ్డి రంగు దగ్గరే ఆపాలి. నీలం దాకా వెళితే పదును నిలవదు. వెన్ను స్ప్రింగుకు మాత్రం ఆ నీలమే కావాలి, అది విరగకుండా వంగి మళ్లీ నిలవాలి కనుక.

పిడికి ఏ కర్ర మంచిది?

గట్టి కర్ర. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్కడానికి ఎంతో అనువు, కానీ ఇరుసు పిన్ను బిగువుకు నొక్కుకుపోతుంది. నల్లతుమ్మ, చింత చేవ, ఇరుగుడు, పాత ద్వారబంధాల నుంచి తీసిన టేకు బాగుంటాయి. బాగా ఆరిన ముక్కే తీసుకోండి. పచ్చికర్ర ఆరేకొద్దీ ముడుచుకుని ఇరుసు దగ్గర వదులవుతుంది. కర్ర లోపలివైపు 1 మి.మీ. ఇత్తడి రేకు అతికిస్తే బ్లేడు రాపిడి కర్రకు తగలదు. ఇరుగుడు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి.

వెన్నుపట్టీ మందం బ్లేడు మందానికి సమానంగా ఉంటే చాలదు. ఇరుసు దగ్గర బ్లేడుకు అటొకటి ఇటొకటి 0.3 మి.మీ. ఇత్తడి వాషర్లు వేస్తాం. కనుక వెన్నుపట్టీ 2.5కు 0.6 కలిపి 3.1 మి.మీ. ఉండాలి. తక్కువైతే బ్లేడు తిరగదు, ఎక్కువైతే ఊగుతుంది.

ఇరుసు బిగించేదెలా?

చాకు చాకుగా మారేది ఇక్కడే. ముందు 4 మి.మీ. బోల్టుతో తాత్కాలికంగా బిగించి చూడండి. బ్లేడు నడిమధ్య నుంచి పోతోందా, తోక సరిగా ఆగుతోందా అని తృప్తి కలిగాకే అసలు పిన్ను దూర్చండి. పిన్ను రెండు వైపులా ఒకటిన్నర మి.మీ. చొప్పున బయటికి ఉండాలి. పిడి మీద రంధ్రం నోటిని కొద్దిగా వెడల్పు చేస్తే పిన్ను తల అందులోకి పరుచుకుంటుంది.

వాషరుకూ బ్లేడుకూ మధ్య నూనెలో తడిపిన ఒక కాగితపు ముక్క పెట్టండి. ఒక మూల చీలిక ఉంటే తర్వాత లాగేయడం తేలిక. జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఆ కాగితం తీసేశాక మిగిలేదే బ్లేడు తిరగడానికి కావలసిన సందు. పిన్ను కింది చివర ఉక్కు దిమ్మ మీద ఆనించి, గుండ్రటి మొహం ఉన్న చిన్న సుత్తితో పై చివర అంచుల చుట్టూ తేలికపాటి దెబ్బలు వేయండి. నడిమి మీద గట్టిగా కొడితే పిన్ను లోపల ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది. నాలుగు దెబ్బలకోసారి తిప్పి రెండోవైపు కొట్టండి, ఒకసారి తెరిచి మూసి చూడండి. బిగువు కొద్దికొద్దిగా పెరగడం వేలికి తెలుస్తుంది. బ్లేడును సగం తెరిచి పిడిని కిందికి దులిపితే అది కదలకూడదు. బొటనవేలితో నెడితే మాత్రం ఆగకుండా సాఫీగా కదలాలి. అక్కడ ఆపి కాగితం లాగేయండి. కాగితం పోయాక కాస్త వదులైతే ఇంకో రెండు దెబ్బలు చాలు.

పదును, ఆ తర్వాత?

సానరాయి మీద ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల వాలులో రుద్దండి. రెండోవైపు అంచు సన్నగా ముడుచుకున్నట్టు గోటికి తగలాలి. అప్పుడు వైపు మార్చాలి. చివర పాత తోలు బెల్టు మీద లాగితే ఆ ముడత రాలిపోతుంది. మామిడికాయ, నిమ్మకాయ కోస్తే కార్బన్ ఉక్కు నల్లబడుతుంది. అది పాడైనట్టు కాదు. కడిగి, తుడిచి, ఇరుసులో చుక్క నూనె వేస్తే తుప్పు దరిచేరదు.

దగ్గర ఉంచుకోవచ్చా?

ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న బ్లేడు, ఇంటి పనికో వ్యవసాయానికో చేసినది కాకపోతే, ఆయుధాల లెక్కలోకి వస్తుంది. మనం చేసేది మూడు అంగుళాలు కూడా లేదు. అయినా స్థానికంగా ఆంక్షలు ఉండవచ్చు. విమానంలో చేతి సంచిలో మాత్రం దీన్ని ఉంచుకోనివ్వరు. పిల్లలు నేర్చుకోవాలనుకుంటే పెద్దవాళ్లు పక్కన ఉండి తీరాలి.

మొదటి చాకుకు అందం గురించి ఆలోచించకండి. ఇరుసు రంధ్రం నిటారుగా ఉందా, వెన్నుపట్టీ మందం సరిపోయిందా, బ్లేడు పిడి నడిమధ్య నుంచి పోతోందా, ఈ మూడే చూసుకోండి. ఇవి కుదిరిన చాకు కర్ర మొరటుగా ఉన్నా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇవి కుదరని చాకును ఏ మెరుగూ కాపాడలేదు. ఈసారి పాత ఆకురాయి కనబడితే పాత సామానులవాడికి వేయకండి. ఒక అట్టముక్క, ఒక డ్రాయింగ్ పిన్ను తీసుకుని నమూనాతో మొదలుపెట్టండి.